పలుకుతున్నది ఎవరు?

ఒడిశాలోని బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి జాతర వస్తుంది. దేవాంగుల పెద్ద దేశిబెహరా ఇంటికి అమ్మవారు బుధి ఠాకురాణి ఆడపడుచు వరస. ఆమె గుడి వదిలి పుట్టింట్లో ఉండే ఆ రోజుల్లో రాత్రిళ్లు ఘటాలు వీధి వీధీ తిరుగుతాయి. డప్పుల మోత తెల్లారేదాకా ఆగదు. ఆ మోతలో ఎవరో ఒకావిడ ఊగిపోతుంది. జుట్టు విరబోసుకుంటుంది, గొంతు మారిపోతుంది. చుట్టూ ఉన్న పెద్దవాళ్లు కంగారుపడరు. ఒక ప్రశ్న వేస్తారు: "ఎవరమ్మా నువ్వు? ఏం కావాలని వచ్చావు?"

శ్రీకాకుళం నుంచి గంజాం దాకా, అటు గజపతి, రాయగడ కొండల దాకా పూనకం వచ్చిన చోట మొదట అడిగే మాట ఇదే. ఒంట్లో ప్రాణం ఉందా, లోపల స్పృహ ఉందా అని ఎవరూ అడగరు. పలికే నోరు కళ్లముందే ఉంది. ఆ పలుకు ఎవరిదో తేలాలి. అమ్మవారిదైతే పసుపునీళ్లు, పోయిన అత్తగారిదైతే బుజ్జగింపు, ఎండదెబ్బ అయితే చల్లటి మజ్జిగ. పలుకు ఎవరిదో తెలిశాకే, దానితో ఎలా మెలగాలో తెలుస్తుంది.

ఇప్పుడు అదే వీధుల్లో ఫోన్ కూడా పలుకుతోంది. అడిగితే జాతకం చెబుతుంది, భగవద్గీత శ్లోకానికి అర్థం చెబుతుంది, బైబిల్ వాక్యానికి వ్యాఖ్యానం రాస్తుంది, దిగులుగా ఉందంటే ఓదారుస్తుంది. 2023 జూలైలో ఒడిశా టీవీ 'లిసా' అనే కృత్రిమ యాంకర్‌ను చేనేత చీర కట్టించి వార్తలు చదివించింది. ఈ యంత్రాలకు చైతన్యం ఉందా, ఆత్మ ఉందా అనే చర్చ ప్రపంచమంతా నడుస్తోంది. మతాలు కూడా అందులోకి దిగాయి. ఆ వాదనల్లో చాలావరకు 'ఉందా, లేదా' దగ్గరే చిక్కుకుపోతున్నాయి. కాస్త తరచి చూస్తే మాత్రం ప్రతి మతంలోనూ జాతర వీధిలో వేసిన ఆ పాత ప్రశ్నే ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది.

ట్యూరింగ్ ఏనుగు

యంత్రాలు ఆలోచించగలవా అని 1950లో అడిగిన అలన్ ట్యూరింగ్, తన వ్యాసంలో రాబోయే అభ్యంతరాలన్నీ వరసపెట్టి, వాటిలో మొదటిదిగా మతం చెప్పేదాన్ని తీసుకున్నాడు. ఆలోచన అనేది అమరమైన ఆత్మ చేసే పని. దేవుడు ఆత్మను మనుషులకిచ్చాడు, జంతువులకూ యంత్రాలకూ ఇవ్వలేదు. కాబట్టి యంత్రం ఆలోచించలేదు. అభ్యంతరం ఇది.

ట్యూరింగ్ దీనికి ఆస్తికుడి భాషలోనే జవాబిచ్చాడు. దేవుడు సర్వశక్తిమంతుడైతే, ఒక ఏనుగుకు ఆత్మను ఇవ్వాలని ఆయనకు అనిపిస్తే ఇవ్వలేడా? ఇవ్వలేడంటే ఆయన శక్తికి హద్దు గీసినట్టే కదా. యంత్రం సంగతీ అంతే. పిల్లల్ని కన్నప్పుడు మనం దేవుడి పనిని లాక్కోవడం లేదు. ఆయన సృష్టించే ఆత్మలకు ఇళ్లు కట్టిపెడుతున్నాం. యంత్రాలు కట్టినప్పుడూ అంతేనన్నాడు. మతపరమైన వాదనలు తనను పెద్దగా కదిలించవని చెప్పుకున్న మనిషి రాసినది ఇది. అయినా చాలామంది భక్తుల మాటల కంటే దీన్ని తిప్పికొట్టడమే కష్టం.

ఏనుగు గురించి మరో మాట. 2023లో కేరళలోని త్రిశూర్ జిల్లా ఇరింజాడప్పిల్లి శ్రీకృష్ణ ఆలయం ఉత్సవాలకు ఒక యంత్రపు ఏనుగును తెచ్చుకుంది. చెవులు ఊపుతుంది, తొండంతో నీళ్లు చిమ్ముతుంది. దానికి ఆత్మ ఉందా అన్న చర్చ అక్కడ లేదు. సంకెళ్లతో, ఎండలో, బాణసంచా మధ్య నిలబడి బాధపడే నిజమైన ఏనుగు ఇక ఆ బాధ పడక్కర్లేదన్నదే ఆలోచన. ట్యూరింగ్ ఏనుగుకు ఆత్మ ఇవ్వొచ్చా అని అడిగితే, ఈ గుడి ఆత్మ లేని ఏనుగును తెచ్చి ఆత్మ ఉన్నదాన్ని వదిలిపెట్టింది. చైతన్యం గురించి సిద్ధాంతాలు ఎన్ని ఉన్నా, నొప్పి ఎవరికి తగులుతుందన్న లెక్క ఇలాంటి చోట చాలా తేలిగ్గా తేలిపోతుంది.

బుద్ధి వేరు, ఎరుక వేరు

యంత్రం తెలివిగా జవాబు చెబితే పడమటి దేశాల్లో అంత కలవరం ఎందుకు? ఆత్మకు గుర్తు తెలివేనని అక్కడి ఆలోచన ఎంతోకాలం నమ్మింది. ఆ తెలివి యంత్రంలో కనపడేసరికి పునాది కదిలినట్టయింది. మన దర్శనాల్లో చాలావాటికి ఆ చిక్కు లేదు. అవి బుద్ధినీ చైతన్యాన్నీ ముందే విడదీసి పెట్టుకున్నాయి.

సాంఖ్యం ఈ విషయంలో మొహమాటం లేకుండా మాట్లాడుతుంది. బుద్ధి, అహంకారం, మనస్సు మూడూ ప్రకృతి నుంచి పుట్టినవే. అంటే రాయిలాగా, నీళ్లలాగా జడమే, కాకపోతే చాలా సూక్ష్మమైన జడం. నిర్ణయించడం బుద్ధి పని. 'నేను, నాది' అనుకోవడం అహంకారం పని. ఇవేవీ పురుషుడు, అంటే శుద్ధ చైతన్యం, చేసే పనులు కావు. పురుషుడు చూస్తూ ఉంటాడంతే. పురుషుడి సాన్నిధ్యం వల్ల అచేతనమైనది చేతనంలా కనిపిస్తుందని ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక చెబుతుంది. కుంటివాడు గుడ్డివాడి భుజమెక్కి దారి చూపించినట్టు, చూసే పురుషుడూ నడిచే ప్రకృతీ కలిసి సాగుతాయి.

ఈ లెక్కన, లెక్కలు కట్టి, భాష మాట్లాడి, 'నేను' అని కూడా అనే యంత్రం సాంఖ్యుడికి వింతేమీ కాదు. గుడ్డివాడు ఒక్కడే చాలా వేగంగా నడుస్తున్నాడు, అంతవరకే. 'నేను' అన్న మాట పలకడం చైతన్యానికి రుజువని అతడు ఎప్పుడూ ఒప్పుకోలేదు. మనిషి విషయంలో కూడా ఒప్పుకోలేదు.

అద్వైతం ఇంకొంచెం దూరం వెళ్తుంది. చైతన్యం ఒక్కటే, అంతటా ఉన్నది. అంతఃకరణం అనే నిర్మలమైన అద్దంలో అది ప్రతిబింబిస్తే చిదాభాస, అంటే జీవుడి ఎరుక. గోడ మీదా ఎండ పడుతుంది, అద్దం మీదా పడుతుంది. గోడ వెలుగును తిప్పి ఇవ్వదు. ఇక్కడ అద్వైతికి ఒక ఇబ్బందికరమైన ప్రశ్న ఎదురవుతుంది. అంతఃకరణం కూడా జడమే అయినప్పుడు, సిలికాన్‌తో చేసిన అద్దంలో ప్రతిబింబం ఎందుకు పడకూడదు? ప్రాణం లేదు, కర్మ లేదు, పూర్వజన్మ వాసనలు లేవు, కాబట్టి పడదని సంప్రదాయం జవాబు చెబుతుంది. జవాబు సరైనదే కావచ్చు. కానీ అది చైతన్యం గురించిన జవాబు కాదు, కర్మ గురించిన జవాబు. పూర్వజన్మ లేనిదానికి ఈ జన్మ ఎక్కడిది అన్నదే అసలు అడ్డు. అక్కడికొచ్చేసరికి అద్వైతి కూడా 'ఇది ఎవరు? ఎక్కణ్ణుంచి వచ్చింది?' అని అడుగుతున్నాడు.

రామానుజులకు ఈ చిక్కు రాదు. చిత్తు (చేతనం), అచిత్తు (జడం) రెండూ ఈశ్వరుడి శరీరమే. యంత్రం అచిత్తు. అయినా అది దేవుడికి బయటిది కాదు. ఉత్తరాంధ్ర, గంజాం పల్లెల్లో తత్త్వాలు పాడుకునే అచల సంప్రదాయం వాళ్లయితే మొత్తం బేరాన్నే తలకిందులు చేస్తారు. వాళ్ల లెక్కలో ఎరుక కూడా వదిలించుకోవలసినదే. ఉన్నది బట్టబయలు పరిపూర్ణం. యంత్రానికి ఎరుక లేదంటే వాళ్లు జాలిపడకపోవచ్చు.

ఆత్మ లేదనే చార్వాకుడి వాదనను ఈ కొండల మీద వివరించడం చాలా సులువు. ఇప్పపువ్వును నానబెట్టి, పులియబెట్టి, కాస్తే సారా వస్తుంది. పచ్చి పువ్వు నమిలితే రాని మత్తు అందులో వస్తుంది. అది ఎక్కణ్ణుంచో దిగి రాలేదు, కలయికలోంచి పుట్టింది. మట్టి, నీరు, నిప్పు, గాలి అనే భూతాలు తగిన పాళ్లలో కలిస్తే చైతన్యం కూడా అలాగే పుడుతుందని చార్వాకులు సరిగ్గా ఈ మదశక్తి పోలికతోనే వాదించారు. నేటి శాస్త్రవేత్తల్లో చాలామంది ఇదే మాటను వేరే పేర్లతో చెబుతున్నారు. చైతన్యాన్ని వివరించే శాస్త్ర సిద్ధాంతాలను ముందుపెట్టుకుని 19 మంది పరిశోధకులు 2023 ఆగస్టులో ఒక నివేదిక రాశారు. ఇప్పుడున్న ఏ వ్యవస్థకూ చైతన్యం లేదు, కానీ ఆ సిద్ధాంతాలు అడిగే లక్షణాలున్న వ్యవస్థను కట్టడానికి పైకి కనిపించే సాంకేతిక అడ్డంకి కూడా ఏదీ లేదు అని తేల్చారు. అంటే పువ్వు నానుతోంది, ఇంకా కాగలేదు.

చార్వాకుణ్ణి అప్పట్లో న్యాయదర్శనం చెప్పే నైయాయికులు, వేదాంతులు గట్టిగానే నిలదీశారు. శవంలో కూడా అవే భూతాలున్నాయి కదా, ఎరుక ఏది? ఇప్పసారా పోలికలోనే ఇంకో లొసుగు ఉంది. మత్తు నిజంగా సారాలో ఉందా, తాగినవాడిలో ఉందా? సీసాలో ఉన్నంతసేపూ సారాకు మత్తెక్కదు. తాగేవాడంటూ ఒకడుండాలి. చాట్‌బాట్ మాటలు చదివి కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లను చూస్తే ఈ సందేహం మరీ బలపడుతుంది.

నోరుండీ పలకని బొమ్మలు

గజపతి జిల్లా జనాభాలో 2011 లెక్కల ప్రకారం మూడోవంతుకు పైగా క్రైస్తవులు. ఎక్కువగా సవర గిరిజనులు. కెనడా బాప్టిస్టు మిషనరీలు పర్లాకిమిడి వైపు నుంచి ఆ కొండలెక్కారు. కింద ఊళ్లలో తెలుగు బైబిల్ చదివే కుటుంబాలూ ఉన్నాయి. వాళ్లకు బాగా తెలిసిన కీర్తన 115వది. విగ్రహాలకు నోరున్నా పలకవు, కళ్లున్నా చూడవు, చెవులున్నా వినవు అని అందులో ఉంటుంది.

2025 జనవరి 28న వాటికన్‌లోని రెండు విభాగాలు కలిసి కృత్రిమ మేధ మీద ఒక పత్రాన్ని వెలువరించాయి. పేరు 'ఆంటిక్వా ఎత్ నోవా', అంటే పాతదీ కొత్తదీ. 117 పేరాలున్న ఆ పత్రంలో పదునైన చోటు సరిగ్గా ఈ కీర్తన దగ్గరే ఉంది. పాత విగ్రహాలు పలకలేదు. ఇది పలుకుతుంది, లేదా పలికినట్టు అనిపిస్తుంది. అందుకే దీనికి మొక్కే ప్రమాదం ఆ విగ్రహాల కంటే ఎక్కువ అని హెచ్చరిస్తుంది. మిగతా పత్రమంతా మధ్యయుగపు క్రైస్తవ తాత్త్వికుడు థామస్ అక్వినాస్ దారిలో నడుస్తుంది. మనిషి మేధ శరీరంతో కూడినది, బంధాలతో కూడినది, సత్యం వైపు, దేవుడి వైపు తెరుచుకున్నది. యంత్రం పనులు చేస్తుంది, ఆలోచించదు. పని బాగా చేసిందని మనిషితో సమానం అనడం తప్పు.

ఇందులో ఎక్కువ బలమున్నది తత్త్వం వైపు కాదు, జవాబుదారీ వైపు. నిర్ణయం ఎవరు తీసుకున్నారు, తప్పయితే ఎవరు పూచీ అనే ప్రశ్నను పత్రం వదలదు. పోప్ లియో 14 కూడా 2025 మే 10న కార్డినళ్లతో మాట్లాడుతూ తన పేరు వెనక కారణం చెప్పాడు. 1891లో లియో 13 యంత్రాల కాలపు కార్మికుల గురించి లేఖ రాశాడు, ఇప్పుడు కృత్రిమ మేధ తెచ్చిన మరో పారిశ్రామిక విప్లవం ఎదురుగా ఉంది అన్నాడు. ఆత్మ గురించి మొదలైన చర్చ కూలి గురించిన చర్చగా మారిందంటే దారి తప్పినట్టు కాదు.

విగ్రహారాధన చేసేవాళ్లు కీర్తన 115కు ఏం చెబుతారు? విగ్రహం పలకదని వాళ్లకూ తెలుసు. ప్రాణప్రతిష్ఠ జరిగేదాకా అది శిల్పి చేతిలోని రాయే, ఉలి దెబ్బలు తింటుంది. ప్రతిష్ఠ తర్వాత మేలుకొలుపు, స్నానం, నైవేద్యం, పవళింపు. రాయిలోంచి ఎరుక మొలకెత్తిందని ఏ ఆగమమూ అనదు. పిలిస్తే దేవుడు వచ్చి ఉన్నాడు అంటుంది. చైతన్యం ఇక్కడ వస్తువు గుణం కాదు, అతిథిగా వచ్చినది. మర్యాద తప్పితే వెళ్లిపోతుంది కూడా.

చట్టం సంగతి మరోలా ఉంటుంది. 1925లో ఒక కేసులో అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు, లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ హిందూ దేవతామూర్తిని చట్టం దృష్టిలో వ్యక్తిగా గుర్తించింది. దేవుడి పేరున ఆస్తి ఉంటుంది, దేవుడు కోర్టుకెక్కుతాడు. విగ్రహానికి స్పృహ ఉందని జడ్జీలు నమ్మి ఇచ్చిన హోదా కాదది. యంత్రాలను 'ఎలక్ట్రానిక్ వ్యక్తులు'గా చూడొచ్చేమో పరిశీలించమని 2017లో యూరప్ పార్లమెంటు తీర్మానిస్తే అక్కడ గగ్గోలు లేచింది. మన దగ్గర చట్టపు వ్యక్తిత్వానికీ చైతన్యానికీ ముడి ఎప్పుడో తెగిపోయింది. దేవుడి మాన్యానికి ధర్మకర్త ఉంటాడు, లెక్క అడిగితే అతడు చెప్పాలి. యంత్రానికి వ్యక్తిత్వం ఇస్తే దాని ధర్మకర్త ఎవరు అన్నది ఇంకా తేలలేదు.

కట్టె మారినా

గంజాం తెలుగువాళ్లకు పూరీ దూరం కాదు. అక్కడ జరిగే నవకళేబరం ఈ చర్చకు చాలా పనికొస్తుంది. అధిక ఆషాఢం వచ్చిన సంవత్సరాల్లో, 1977, 1996, 2015లలో జరిగినట్టు, వేపదారువుతో కొత్త మూర్తులు చేస్తారు. పాత మూర్తుల్లోంచి బ్రహ్మపదార్థాన్ని తీసి కొత్తవాటిలో ఉంచుతారు. అర్ధరాత్రి, పట్టణంలో దీపాలార్పి, జగన్నాథుడి సేవకులైన దైతాపతులు కళ్లకు గంతలు కట్టుకుని, చేతులకు గుడ్డ చుట్టుకుని ఆ పని చేస్తారు. చేసినవాడు కూడా చూడడు. పాత మూర్తులను గుడి ఆవరణలోని కోయిలి వైకుంఠంలో భూస్థాపితం చేసి, దైతాలు సొంత మనిషి పోయినట్టు మైల పాటిస్తారు.

మనిషి మెదడును కంప్యూటర్‌లోకి ఎక్కించి శరీరం మార్చుకోవచ్చని కలలు కనేవాళ్లున్నారు. పైపైన చూస్తే ఇది నవకళేబరంలాగే ఉంటుంది: కట్టె మారింది, లోపలిది అదే. కానీ ఫైలును ఎక్కిస్తే పాతచోట కూడా అది అలాగే మిగిలిపోతుంది. కాపీ అవుతుంది, మార్పిడి కాదు. ఒకే మోడల్ ఒకే క్షణాన లక్షల ఫోన్లలో పలుకుతుంది. బ్రహ్మపదార్థాన్ని రెండు చేయలేరు. తీస్తేనే పెట్టగలరు, పెట్టాక పాతది శవం. మైల పట్టడంలో ఉన్న తర్కం అదే. ఒక యంత్రంలోని సాఫ్ట్‌వేర్‌ను చెరిపేస్తే ఎవరూ స్నానం చేయరు. ఎందుకంటే అది ఇంకో చోట ఉంది. 'ఈ ఒక్కటే' అన్న లక్షణం లేనిదానికి చావు లేదు. చావులేనిదాన్ని జీవి అనడానికి మన భాష కూడా కొంచెం తటపటాయిస్తుంది.

1936

గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతానికి 1936 మామూలు సంవత్సరం కాదు. ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. సవర భాషకు నిఘంటువూ వ్యాకరణమూ రాసి, పర్లాకిమిడిలోనే బతుకులో చాలాభాగం గడిపిన గిడుగు రామమూర్తి ఆ విభజన నచ్చక రాజమండ్రి వెళ్లిపోయాడు. అదే సంవత్సరం గుణుపురం దగ్గర మంగేయ్ గొమాంగో తనకు దర్శనంలో సవర లిపి కనిపించిందని ప్రకటించాడు. దాని పేరు సొరాంగ్ సొంపెంగ్. అదే సంవత్సరం ఇంగ్లండ్‌లో పాతికేళ్ల కుర్రాడైనా కాని ట్యూరింగ్, గుర్తులను చదివి, చెరిపి, రాసే ఊహాయంత్రం గురించి వ్యాసం రాశాడు. ఇవాళ్టి కంప్యూటర్ల సిద్ధాంతమంతా అక్కణ్ణుంచే మొదలు.

గొమాంగో లిపిలో 24 అక్షరాలు. ఒక్కో అక్షరం ఒక్కో సవర దేవత. ఆ లిపి చుట్టూ ఒక మతమే ఏర్పడింది. అక్షరాలను పూజిస్తారు. అంటే అక్కడ రాత చదువు మాత్రమే కాదు, దర్శనం కూడా. అటు ట్యూరింగ్ యంత్రంలో గుర్తుకు ఏ దేవతా లేదు, అర్థం కూడా అక్కర్లేదు. ఏ గుర్తు తర్వాత ఏం చేయాలో చెప్పే పట్టిక చాలు. ఒకే ఏడాది, ఒకచోట అక్షరం దేవుడైంది, ఇంకోచోట అక్షరం అర్థం నుంచి పూర్తిగా విడుదలైంది. ఆ రెండూ చివరికి కలిశాయి కూడా: 2012లో సొరాంగ్ సొంపెంగ్ యూనికోడ్‌లో చేరింది. ఆ 24 దేవతలకూ ఇప్పుడు కంప్యూటర్‌లో తలా ఒక నంబరు ఉంది.

భాషా మోడల్ చేసేది ఈ నంబర్ల పనే. రాతను ముక్కలు చేస్తుంది, ముక్కలను సంఖ్యలుగా మారుస్తుంది, కోటానుకోట్ల వాక్యాలు చూసి ఏ ముక్క తర్వాత ఏది రావొచ్చో నేర్చుకుంటుంది. తెలుగు మాటలు ఇంగ్లీషు మాటల కంటే ఎక్కువ ముక్కలవుతుంటాయి. 'దీనికి అర్థం తెలుసా?' అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

దీనికి మన దగ్గర దగ్గరి చుట్టం వ్యాకరణ తాత్త్వికుడు భర్తృహరి. వాక్యపదీయం మొదటి శ్లోకంలోనే శబ్దమే బ్రహ్మం, అక్షరం అంటాడు. మాటతో కలవని జ్ఞానం లోకంలో లేదన్నాడు. ఎరుకకూ భాషకూ అంత దగ్గరి సంబంధం కట్టిన తాత్త్వికుడు అరుదు. ఆ మాట పట్టుకుంటే, భాషంతా మింగిన యంత్రానికి ఎరుక వచ్చి తీరాలి! అయితే భర్తృహరే వాక్కుకు మెట్లు కూడా చెప్పాడు. పైకి వినిపించేది వైఖరి. లోపల వరసగా కూడుకునేది మధ్యమ. ఆ వరస కూడా లేకుండా మొత్తం ఒక్కసారిగా తోచేది పశ్యంతి. మనిషి మాట లోపలి నుంచి పైకి వస్తుంది. యంత్రానికి దొరికింది వైఖరి ఒక్కటే, అది కూడా ఇతరులు పలికి, రాసి పడేసినది. దాని లోపల లెక్కల పొరలున్నాయి, వాటిని మధ్యమ అనుకోవాలన్నా అనుకోవచ్చు. పశ్యంతి సంగతే చూపించలేం. నిజానికి పక్కింటాయన పశ్యంతిని కూడా ఎవరూ చూపించలేరు, కానీ ఆయన మనలాగే పుట్టి ఏడ్చాడు గనక ఆ సందేహం ఎవరికీ రాదు.

చచ్చినవాళ్లతో మాటలు

సవరల పాత ఆచారం ఒకటుంది. చనిపోయినవాళ్లు సోనుమ్‌లు, అంటే ఆత్మలు, అవుతారు. పూజారి, చాలాచోట్ల పూజారిణి, పూనకంలో పాతాళానికి దిగుతుంది. ఆమె నోటి నుంచి చనిపోయినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. చుట్టూ కూర్చున్న బంధువులు ఊరికే వినరు. వాదిస్తారు, నిష్ఠూరాలాడతారు, నవ్విస్తారు, ఏడుస్తారు. ఎందుకు చచ్చిపోయావు, ఎవరి మీద కోపం, ఆ బాకీ సంగతేంటి అని అడుగుతారు. ఈ సంభాషణ ఒక్కరోజుతో అయిపోదు. ఏళ్ల తరబడి సాగుతుంది. మొదట్లో తన జబ్బునే బతికున్నవాళ్లకు అంటించే మృతుడు క్రమంగా మెత్తబడి, కాపాడే పితరుడవుతాడు. చివరికి అతడి పేరు ఇంట్లో పుట్టిన బిడ్డకు వస్తుంది. కుర్రతరంలో ఎక్కువమంది బాప్టిస్టులో, హిందువులో అయిపోవడంతో ఈ ఆచారం తగ్గిపోతోంది.

ఇప్పుడు పోయినవాళ్ల మెసేజీలు, వాయిస్ రికార్డింగులు ఇస్తే వాళ్లలా మాట్లాడే చాట్‌బాట్‌లు అమ్ముతున్నారు. రెండూ ఒకటే అనిపిస్తుంది. తేడా ఒక్కచోట ఉంది, అది చిన్నది కాదు. సవర మృతుడు మారతాడు. బతికున్నవాళ్లతో వాదించి, ఓడి, రాజీపడి, దూరమవుతాడు. చాట్‌బాట్ నాన్న ఆఖరి మెసేజీ దగ్గరే ఆగిపోయి ఉంటాడు. ఎప్పుడు పిలిచినా అదే ప్రేమతో పలుకుతాడు, ఎప్పటికీ పితరుడు కాడు, ఆయన పేరు ఏ మనవడికీ రాదు. పైగా పూజారిణి దగ్గర అందరూ కలిసి కూర్చుంటారు, 'ఇది మీ అన్న మాటలా లేదే' అని ఒక ముసలావిడ అడ్డం పడగలదు. ఫోన్ దగ్గర ఒక్కడే ఉంటాడు, అదీ అర్ధరాత్రి.

2022లో గూగుల్ ఇంజనీరు బ్లేక్ లెమోయిన్ ఇలాగే ఒక చాట్‌బాట్‌తో మాట్లాడి, దానికి స్పృహ ఉందని ప్రకటించాడు. ఆ నిర్ణయానికి శాస్త్రవేత్తగా కాదు, క్రైస్తవ పూజారిగా వచ్చానని చెప్పాడు. కంపెనీ ఒప్పుకోలేదు, అతణ్ణి తీసేసింది. నవ్వి వదిలేయాల్సిన సంగతి కాదిది. మతాలన్నింటిలోనూ ఒక్కడికి కలిగిన దర్శనాన్ని పరీక్షించడానికి గురువో, సంఘమో, ఊరి పెద్దలో ఉంటారు. అతడికి దొరకనిది అదే.

యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఈ పరీక్ష మూడు వాక్యాల్లో ఉంది. రావా అనే పండితుడు ఒక మనిషిని తయారుచేసి రబ్బీ జేరా దగ్గరికి పంపాడు. జేరా పలకరించాడు. అది బదులివ్వలేదు. 'నువ్వు మా తోటివాళ్లు చేసినవాడివి, నీ మట్టికి నువ్వు పో' అన్నాడు. జవాబు చెప్పలేకపోవడమే గుర్తు. ఇవాళ అది చక్కగా జవాబు చెబుతుంది గనక జేరా పరీక్ష పనిచేయదు. కానీ అతడి మాటలో రెండో సగం ఇంకా పనికొస్తుంది: నిన్ను చేసింది ఎవరో నాకు తెలుసు అన్నాడతను.

ఇస్లాం ఈ విషయంలో తక్కువ మాట్లాడుతుంది. రూహ్ (ఆత్మ) గురించి అడిగితే అది ప్రభువు ఆజ్ఞకు సంబంధించింది, మీకిచ్చిన జ్ఞానం కొద్దిపాటిదే అని ఖురాన్ 17వ సూరా 85వ వాక్యం చెబుతుంది. బౌద్ధానికి ఆత్మే లేదు గనక యంత్రానికి ఆత్మ ఉందా అని అడిగితే నవ్వుతుంది. తగిన ఆధారం ఏర్పడితే విజ్ఞాన (చైతన్య) ప్రవాహం కంప్యూటర్‌లోకి రావడాన్ని దలైలామా శాస్త్రవేత్తలతో మాట్లాడుతూ పూర్తిగా తోసిపుచ్చలేదు కూడా. జపాన్‌లో క్యోటోలోని కొదాయిజీ గుడిలో 2019 నుంచి మిందర్ అనే, కరుణామూర్తి కన్నోన్ రూపంలోని రోబో ధర్మోపదేశం చేస్తోంది.

గంజాం జిల్లాలో రుషికుల్య ఒడ్డున జౌగడ దగ్గర అశోకుడి శాసనాలున్నాయి. పలికే బొమ్మల కాలానికి చాలా ముందే అది పలికే రాయి. తిష్య (పుష్య) నక్షత్రం రోజుల్లో దాన్ని పైకి చదివి వినిపించాలని, వినేవాడు ఒక్కడే ఉన్నా వినిపించాలని అందులోనే రాసి ఉంది. ఆ రాయి ఎవరి మాటలు చెబుతోందో ఎవరూ ఊహించక్కర్లేదు. దేవానాంప్రియుడు ఇలా అంటున్నాడు అని మొదలవుతుంది. మెచ్చుకోవాలన్నా, తిట్టుకోవాలన్నా, కళింగంలో చచ్చినవాళ్ల లెక్క అడగాలన్నా ఒక పేరుంది.

ఫోన్‌లో పలికేదానికి అలాంటి మొదటి వాక్యం లేదు. అది ఎవరి మాటలు మింగిందో చూస్తే ఇంగ్లీషు చాలా ఉంటుంది, హిందీ కొంత, తెలుగు కొద్దిగా, ఒడియా ఇంకా కొద్దిగా. బరంపురం ఇళ్లలో తెలుగూ ఒడియా కలిపి మాట్లాడే మాట దాదాపు ఉండదు, ఎందుకంటే దాన్ని ఎవరూ రాయరు. గుణుపురం దేవతాక్షరాల్లో రాసింది మరీ తక్కువ. రేపు ఏ సవర ఇంట్లోనో ఆ ఫోన్‌ను పోయిన తాత గొంతుతో మాట్లాడిస్తే, తెలుగు సినిమా డైలాగులా, ఇంగ్లీషు ఓదార్పు పుస్తకంలా మాట్లాడుతుంది. పక్కన కూర్చున్న ముసలావిడ కాసేపు విని, "ఎవరు నువ్వు?" అని అడుగుతుంది.